"అంతా బానే ఉంది మేడమ్" అనే మేనేజర్‌ని ఎప్పుడు మార్చాలి?

డాలస్‌లో మన తెలుగు వాళ్ళు ఓ నలుగురు ఎక్కడైనా పోగయ్యారంటే ముందు వీసాల గోల, తర్వాత పిల్లల స్కూళ్ళ గోల, అదయ్యాక కచ్చితంగా హైదరాబాద్ ఫ్లాట్ గోల. మణికొండ, మియాపూర్, కొండాపూర్, తెల్లాపూర్... ఎవరికి ఎక్కడుందో, ఎంత రెంట్ వస్తుందో అందరికీ తెలుసు. కానీ ఆ ఫ్లాట్‌ని చూసుకునే మనిషి గురించి అడిగితే మాత్రం మొహం అదోలా పెడతారు. "మార్చాలనే ఉందే, కానీ వచ్చేవాడు వీడికంటే నయంగా ఉంటాడని ఏంటి గ్యారంటీ" అని ఏళ్ళకేళ్ళు లాగేస్తుంటారు. మాది నల్లగండ్ల వైపు త్రీ బీహెచ్‌కే, ఇప్పుడున్నది రెండో మేనేజర్. మొదటి అతన్ని మార్చి చాలా రోజులైంది కాబట్టి ఆ కోపం చల్లారింది, ఇప్పుడు రాస్తే కాస్త న్యాయంగా రాస్తానేమో అనిపించింది.

ముందు ఎందుకు మార్చకూడదో చెప్తా, ఎందుకంటే మన వాళ్ళు ఎక్కువగా మార్చేది తప్పు కారణానికే. ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉందనుకోండి, వెంటనే మేనేజర్ పనికిరానివాడు అనేస్తారు. ఏ నెలలో ఖాళీ అయిందో చూడరు! హైదరాబాద్‌లో పిల్లలున్న ఫ్యామిలీలు ఇళ్ళు మారేది ఏప్రిల్, మే నెలల్లో, జూన్ 12 ప్రాంతంలో స్కూళ్ళు తెరిచేలోపు సర్దుకోవాలి కాబట్టి. ఆ తర్వాత ఆషాఢం వచ్చేస్తుంది. ఆషాఢంలో పాలు పొంగించి కొత్తింట్లో దిగే తెలుగు ఫ్యామిలీని చూపించండి నాకు, ఎక్కడో ఒకళ్ళుంటారు, అంతే. జూన్ ఆఖర్లో టెనెంట్ ఖాళీ చేస్తే శ్రావణం దాకా టు-లెట్ బోర్డు వేలాడాల్సిందే, దానికి మేనేజర్ ఏం చేస్తాడు పాపం. పుష్యంలో కూడా ఇదే కథ. ఇక ఫ్లాట్ సౌత్ ఫేసింగ్ అయితే ఇంకో నెల కలుపుకోండి. రెంట్ ఒకసారి వారం లేటయిందనో, ప్లంబర్ ఆదివారం రాలేదనో మార్చేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి ఏ మేనేజరూ రెండేళ్ళు నిలవడు.

నేను చూసేది ఒక్కటే. మన ఇంటి గురించి చెడ్డ వార్త ముందు ఎవరి నోటి నుంచి వింటున్నాం? మేనేజర్ నోటి నుంచి వింటే, వార్త ఎంత చెడ్డదైనా సరే, ఆ మనిషితో పని నడుస్తుంది. వాచ్‌మన్ నుంచో, అసోసియేషన్ గ్రూప్ నుంచో, కింద ఫ్లోర్ ఆంటీ నుంచో వింటున్నామంటే అతని పని అయిపోయినట్టే, మనం ఇంకా ఫీజు కడుతున్నాం అంతే తేడా.

మా విషయంలో జరిగింది అదే. కామన్ బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే జాలీ) దగ్గర లీక్ మొదలైంది, నీళ్ళు మెల్లగా కింద ఫ్లాట్ వాళ్ళ పీఓపీ సీలింగ్‌లోకి దిగాయి. కింద ఆంటీ మా మేనేజర్‌కి ఫోన్ చేసింది, అతను చూస్తానన్నాడు, మళ్ళీ చేసింది, మళ్ళీ చూస్తానన్నాడు, ఆవిడకి విసుగొచ్చి సీలింగ్ మీద పసుపు మరకల ఫోటో అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి మా ఫ్లాట్ నంబర్ రాసి "ఓనర్లు అమెరికాలో కూర్చుంటే మా గతి ఏంటి" అని అడిగింది. నేను పొద్దున కాఫీ తాగుతూ చూసింది ఆ మెసేజ్. అతనికి ఫోన్ చేస్తే "అయ్యో మేడమ్, చిన్న సీపేజ్ అండి, మిమ్మల్ని ఎందుకు టెన్షన్ పెట్టడం అని చెప్పలేదు, అంతా బానే ఉంది" అన్నాడు. టెన్షన్ పెట్టలేదట! మొదట్లో అయితే ట్రాప్ మార్చి టైల్ జాయింట్లు ఎపాక్సీతో నింపితే సరిపోయేది, చివరికి ఫ్లోర్ మొత్తం పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సొచ్చింది, పైగా కింద వాళ్ళ సీలింగ్, పెయింటింగ్ ఖర్చు కూడా మాదే. అది న్యాయమే, ఆంటీ తప్పేం లేదు. డబ్బు పోయినందుకు కాదు నేను అతన్ని తీసేసింది. నాకు చెప్పకూడదు అని అతను కూర్చుని నిర్ణయించుకున్నాడు చూడండి, అందుకు.

ఇలాంటి వాళ్ళు దొంగలు అని నేననను. చాలామందికి ఓనర్ తిడతాడేమో అనే భయం, లేదా డబ్బు అడగాలంటే మొహమాటం, లేదా పాతిక ఫ్లాట్లు నెత్తిన వేసుకుని ఏ ఫ్లాట్‌లో ఏ కుళాయి కారుతోందో మర్చిపోవడం. కారణం ఏదైనా దాదాపు తొమ్మిది వేల మైళ్ళ అవతల కూర్చున్న మనకి దక్కేది అబద్ధమే. అందుకే అతను మంచివాడా కాదా అనే చర్చలోకి దిగకుండా, అతను చెప్పే మాటని పక్క నుంచి సరిచూసుకునే దారులు పెట్టుకోవాలి, అవి తప్పుడు లెక్క చూపించిన రోజున మార్చేయాలి.

ఆ దారుల్లో నాకు బాగా నచ్చింది కరెంట్ బిల్లు. టీజీఎస్‌పీడీసీఎల్ వాళ్ళ సైట్‌లో మీ ఫ్లాట్ యూఎస్‌సీ నంబర్, అంటే కరెంట్ కనెక్షన్ నంబర్, కొడితే బిల్లు వచ్చేస్తుంది, ఎన్ని యూనిట్లు కాలిందో కనిపిస్తుంది. ఖాళీ ఫ్లాట్‌లో ఫ్రిజ్ ఉండదు, ఏసీ ఉండదు, గీజర్ ఎవరూ వేయరు, మహా అయితే చూపించడానికి వచ్చినప్పుడు రెండు లైట్లు. ఇక్కడ ఇర్వింగ్‌లో ఉండే ఒక ఫ్రెండ్‌కి వాళ్ళ మేనేజర్ "మార్కెట్ డల్‌గా ఉంది సార్, ఎవరూ రావట్లేదు" అని చెప్తూనే ఉన్నాడు, ఫ్లాటేమో ఫుల్లీ ఫర్నిష్డ్. మా ఫ్రెండ్‌కి ఒకరోజు ఊరికే బిల్లు చూద్దామనిపించి చూస్తే ఫ్యామిలీ ఉన్న ఇంట్లో కాలినన్ని యూనిట్లు కాలాయి. తీరా గేట్ సెక్యూరిటీ దగ్గర విజిటర్ ఎంట్రీలు తీయిస్తే వారాంతాల్లో కొత్త కొత్త పేర్లు, బ్యాగులతో రావడం, రెండు రోజులకి పోవడం. రోజు అద్దెకి తిప్పుతున్నాడన్నమాట! ఓనర్‌కి ఖాళీ, మేనేజర్‌కి ఫుల్లు. దీనికి డిటెక్టివ్ ఏజెన్సీలు అక్కర్లేదు, బిల్లు చూస్తే చాలు.

అలాగే ప్రాపర్టీ టాక్స్. మున్సిపల్ కార్పొరేషన్ సైట్‌లో పీటీఐఎన్, అంటే ఇంటి టాక్స్ నంబర్, కొడితే బకాయి ఉందో లేదో తెలుస్తుంది. ఏప్రిల్ నెలలో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, కట్టకుండా వదిలేస్తే నెలకి 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి: ఈ నంబర్లన్నిటికీ రిజిస్టర్ అయిన మొబైల్ మీదా, మేనేజర్‌దా? చాలామందికి మేనేజర్‌దే ఉంటుంది, కరెంట్ వాళ్ళ మెసేజ్, మున్సిపాలిటీ మెసేజ్, అసోసియేషన్ నోటీసు అన్నీ అతనికే పోతాయి. మన ఇల్లు మనతో మాట్లాడకుండా మధ్యలో అతను కూర్చుంటాడు. టెనెంట్ నంబర్ అడిగితే "టెనెంట్ డిస్టర్బ్ అవుతారు మేడమ్, ఏదున్నా నాకు చెప్పండి" అనేవాళ్ళు కూడా ఈ బాపతే. ఆ మాట విన్న రోజు నుంచే కొత్త మనిషిని వెతకడం మొదలుపెట్టండి అంటాను నేను. టెనెంట్‌కి మూడు నెలలకోసారి ఫోన్ చేసి బాగున్నారా, ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే పది నిమిషాల్లో మొత్తం తెలిసిపోతుంది, మన వాళ్ళు మాట్లాడటం మొదలుపెడితే కుళాయి దగ్గర్నుంచి లిఫ్ట్ దాకా ఏదీ వదలరు కదా.

రిపేర్ బిల్లుల మీద అందరూ అనుమానపడతారు కానీ నాకు అందులో అంత పట్టింపు లేదు. ప్లంబర్ తీసుకున్నదాని మీద ఇంత శాతం నా ఛార్జ్ అని ముందే చెప్పి తీసుకుంటే తప్పేంటి, అతను కూడా ఎండలో బండేసుకుని తిరుగుతున్నాడు. చెప్పకుండా కలిపితేనే గొడవ. దాన్ని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు: షాప్ జీఎస్టీ బిల్లు, పాత సామాను ఫోటో, కొత్తది బిగించాక ఫోటో, గీజరో చిమ్నీయో అయితే వారంటీ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో. ఇవి అడిగితే నిజాయితీపరుడు విసుక్కుంటూనైనా పంపిస్తాడు. రెండోవాడు "మీకు నా మీద నమ్మకం లేదా మేడమ్" అంటాడు. లేదు నాయనా, అందుకేగా అడిగింది.

ఇక డబ్బు దారి. దీని మీద నేను కాస్త మొండిగానే ఉంటా. రెంట్ టెనెంట్ అకౌంట్ నుంచి నేరుగా మన ఎన్ఆర్ఓ (ఎన్ఆర్ఐలు ఇండియా ఆదాయం వేసుకునే) అకౌంట్‌కి రావాలి, మేనేజర్ ఫీజు మనం విడిగా పంపాలి. రెండు నెలల అడ్వాన్స్ కూడా అంతే, అది మేనేజర్ దగ్గర ఉండిపోతే అతన్ని మార్చాలన్నప్పుడు మన జుట్టు అతని చేతిలో ఉంటుంది. టీడీఎస్ (రెంట్ మన చేతికి రాకముందే కోసే ఇన్‌కమ్ టాక్స్) విషయంలో మేనేజర్ ఏం సలహా ఇస్తాడో విన్నా మనిషి తెలిసిపోతాడు. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే రెంట్ ఎంతైనా సరే టెనెంట్ 30 శాతం, సెస్ కలిపి 31.2 శాతం టీడీఎస్ కోసి గవర్నమెంట్‌కి కట్టాలి. అంటే 40,000 రెంట్ ఉంటే 12,480 అటు పోయి మన చేతికి 27,520 వస్తుంది. ఎక్కువ కోసినది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎందుకంటే ప్రాపర్టీ టాక్స్ పోను మిగిలిన రెంట్‌లో 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంది, లేదంటే ముందే అప్లై చేసి తక్కువ కోసేలా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మంచి మేనేజర్ ఇదంతా అగ్రిమెంట్‌కి ముందే టెనెంట్‌కి చెప్పి ఒప్పిస్తాడు. పనికిరాని వాడు "ఇండియాలో మీ నాన్నగారి అకౌంట్ ఇచ్చేయండి మేడమ్, ఎవరికి తెలుస్తుంది" అంటాడు. తెలియకపోవడం ఏంటి, టెనెంట్ వాళ్ళ ఆఫీసులో హెచ్ఆర్ఏ (ఇంటద్దె మీద టాక్స్ మినహాయింపు) క్లెయిమ్ చేస్తే ఏడాదికి లక్ష దాటిన రెంట్‌కి ఓనర్ పాన్ ఇవ్వాల్సిందే, అగ్రిమెంట్‌లో పేరు మనది, పాన్ మనది, డబ్బు మాత్రం నాన్న అకౌంట్‌లో. రిటైరై ప్రశాంతంగా ఉన్న పెద్దాయనకి ఆ తద్దినం ఎందుకు. మనల్ని రిస్క్‌లో పెట్టి తన పని తేలిక చేసుకునేవాడు రేపు ఇంకేదైనా చేస్తాడు.

చుట్టాల సంగతి వేరే పోస్ట్ రాయాలి అసలు. బాబాయో, బావగారో, మేనమామ కొడుకో ఫ్రీగా చూసుకుంటున్నారు అని మురిసిపోతాం. కానీ ఫ్రీగా చేసేవాళ్ళని లెక్క అడగలేం. "బాబాయ్, ఆ పెయింటింగ్ బిల్లు ఒకసారి వాట్సాప్ చేస్తారా" అని అడిగి చూడండి, సంక్రాంతికి మొత్తం చుట్టాలందరికీ ఆ వార్త చేరిపోతుంది, అమ్మ ఫోన్ చేసి "డబ్బు చూశాక మనుషులు ఎంత మారిపోతారే" అంటుంది. బాబాయ్‌ని తీసేయడం కుదరదు, అందుకని ముందే పెట్టుకోకపోవడం మేలు. ఇప్పటికే పెట్టేసుకుంటే, "మీకు శ్రమ అవుతోంది, మోకాళ్ళ నొప్పులతో ఆ లిఫ్టులూ మెట్లూ ఎందుకు" అని ఆరోగ్యం మీదకి నెట్టి, ఓ మంచి చీర, పంచెలచాపు పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చేయండి. ఇంతకంటే నాకు దారి తెలీదు.

ఇక్కడ టెక్సస్‌లో వేరేవాళ్ళ ఇల్లు అద్దెకిప్పించి రెంట్ వసూలు చేయాలంటే టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే లైసెన్స్ ఉండాలి, క్లయింట్ డబ్బు ట్రస్ట్ అకౌంట్‌లో విడిగా ఉంచాలి, తేడా చేస్తే కంప్లైంట్ ఇవ్వడానికి ఒక ఆఫీస్ ఉంది. మన దగ్గర అది లేదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం అమ్మకాలు చేసే ఏజెంట్లకే, అద్దె ఇళ్ళు చూసుకునేవాళ్ళకి కాదు. 2021లో కేంద్రం ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ప్రాపర్టీ మేనేజర్ గురించి రాశారు, రసీదు ఇచ్చి రెంట్ తీసుకోవాలి, అవసరమైన రిపేర్లు చేయించాలి, అప్పుడప్పుడు వెళ్ళి ఇల్లు చూసి రావాలి అని. కానీ అది పేరులో ఉన్నట్టు మోడలే, రాష్ట్రం తన చట్టంలో పెట్టుకుంటేనే పనికొస్తుంది. మనకి గట్టిగా పనికొచ్చేది పాత ముసలి చట్టం, 1872 కాంట్రాక్ట్ యాక్ట్. దాంట్లో సెక్షన్ 213 ప్రకారం ఓనర్ అడిగినప్పుడు ఏజెంట్ సరైన లెక్కలు చూపించి తీరాలి. నేను మా పాత మేనేజర్‌కి పంపిన ఈమెయిల్‌లో ఈ ఒక్క లైన్ మర్యాదగా రాశాను, అంతకుముందు "కంప్యూటర్ పాడైంది మేడమ్" అన్న మనిషి ఎక్సెల్ షీట్ పంపాడు.

మార్చాలని నిర్ణయం అయ్యాక తొందరపడి ఫోన్‌లో అరిచేయకండి. ముందు కాగితాలు మన చేతికి రావాలి: ఒరిజినల్ అగ్రిమెంట్, టెనెంట్ ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ చేయించి ఉంటే అది, ఎన్ని తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఇంట్లో సామాన్ల లిస్ట్ ఫోటోలతో. అవి వచ్చాక కరెంట్, టాక్స్, అసోసియేషన్, గేట్ యాప్ అన్నిట్లో మొబైల్ నంబర్ మార్పించండి, ఆ తర్వాత మన అగ్రిమెంట్‌లో ఎన్ని రోజుల నోటీస్ రాసుకున్నామో అన్ని రోజులు ఇచ్చి ఈమెయిల్ పంపండి. అదే రోజు టెనెంట్‌కి, అసోసియేషన్ ఆఫీస్‌కి కూడా రాతపూర్వకంగా చెప్పాలి, ఇది మర్చిపోతే దెబ్బ తింటారు. అదే కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 208 ఏమంటుందంటే, ఏజెంట్‌ని తీసేసిన సంగతి బయటివాళ్ళకి తెలిసినప్పటి నుంచే వాళ్ళ విషయంలో అది చెల్లుతుంది. అంటే విషయం తెలియక టెనెంట్ పాత మేనేజర్‌కే రెంట్ ఇచ్చేస్తే ఆ టెనెంట్‌ని మళ్ళీ కట్టు అనలేం.

పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటే అది ఇంకో మెట్టు. రద్దు డీడ్ రాయించాలి, రిజిస్టర్ చేసిన పీఓఏ అయితే రద్దు కూడా రిజిస్టర్ చేయాలి, ఇక్కడ లాయర్ ఫీజుకి వెనకాడొద్దు. కొత్త మేనేజర్‌కి ఇచ్చేటప్పుడు జనరల్ కాకుండా స్పెషల్ పీఓఏ ఇవ్వండి, అద్దెకివ్వడం, బిల్లులు కట్టడం, అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్ళడం, అంతవరకే, అమ్మే హక్కు అన్న మాట అందులో కనపడకూడదు. అమెరికాలో చేయించి పంపితే ఇండియాలో చేరిన 3 నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించుకోవాలి, చాలామంది ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మర్చిపోతారు.

ఎప్పుడు మార్చాలి అంటే, టెనెంట్ 11 నెలల అగ్రిమెంట్ అయిపోవడానికి ఒక రెండు నెలల ముందు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అవసరం అనుకుని అందరం 11 నెలలకే రాసుకుంటాం కదా, చాలామంది మేనేజర్లు రెన్యూవల్ అప్పుడు ఇంకో ఫీజు తీసుకుంటారు, ఆ ఫీజు కట్టాక మార్చడం దండగ. టెనెంట్ ఖాళీ చేస్తున్న నెలలో మాత్రం మార్చొద్దు. అడ్వాన్స్ లెక్క, పెయింటింగ్ కటింగ్, గోడకి మేకులు కొట్టిన గొడవ అన్నీ ఆ నెలలోనే వస్తాయి, పాతవాడు "నాకు సంబంధం లేదు" అంటాడు, కొత్తవాడు "నేను రాకముందు సంగతి" అంటాడు, మధ్యలో టెనెంట్ రాత్రి రెండింటికి మనకి వాట్సాప్ కాల్ చేస్తాడు.

కొత్త మనిషిని ఎంచుకునేటప్పుడు ఫీజు, రెఫరెన్సులు అన్నీ అందరూ అడిగేవే, నేను అడిగినది మాత్రం ఇది: "మీరు చూసే ఫ్లాట్లలో ఈ మధ్య ఏదైనా బాగా పాడైంది చెప్పండి, ఓనర్‌కి ఏమని మెసేజ్ పెట్టారు?" ఒకాయన మా దగ్గర అలాంటివి జరగవు మేడమ్ అన్నాడు, థాంక్యూ చెప్పి పెట్టేశా. ఇంకొకతను ఓనర్ పేరు, ఫ్లాట్ నంబర్ కనపడకుండా దాచి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, వంటింటి సింక్ కింద ప్లైవుడ్ ఉబ్బిపోయిన ఫోటో, కింద "సార్, ఇది అర్జెంట్ కాదు, సమ్మర్ దాకా ఆగొచ్చు, కానీ మీకు తెలిసుండాలని పెట్టా" అని. అతన్నే పెట్టుకున్నా. అతనికి కూడా లోపాలున్నాయి, ఫోన్ ఎత్తడు, స్పెల్లింగులు ఘోరం, ఆదివారం మెసేజ్ పెడితే మంగళవారం చూస్తాడు. పోయిన నెలలో మాస్టర్ బెడ్‌రూమ్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండ్ తుప్పు పట్టిందని ఫోటో వచ్చింది, టెనెంట్ కంటే ముందే.